కుషాణుల నోటుబుక్కులో నా గీతలు

ఎనిమిదేళ్ళ కిందట, అక్టోబర్ నెల రెండో శనివారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు నేనొక అబద్ధం ఆడాను. టైము అంత కచ్చితంగా ఎలా గుర్తుందని అడుగుతారేమో. ఆ మాట అనేటప్పుడు ఎవరి మొహమూ చూడలేక, వాళ్ళ వంటింట్లో మైక్రోవేవ్ మీద వెలుగుతున్న పచ్చ అంకెలు చూశాను. అంకెలు నాకు అప్పటికే వచ్చు. రానివి అక్షరాలు. ఆ అబద్ధానికి మొదలు కూడా అదే.

అప్పటినుంచి అది నా మీద ఉంది. తడిసిన గొంగడి మోసినవాళ్ళకు ఆ బరువు తెలుస్తుంది. భుజాన వేసుకున్నప్పుడు ఏమీ అనిపించదు. నడిచేకొద్దీ నీళ్ళు కిందికి దిగుతాయి, అంచులు బరువెక్కుతాయి, ఎక్కడైనా దింపుదామంటే పొడినేల కనపడదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం నాకు ఇన్నేళ్ళలో రాలేదు.

నా పేరు ఇప్పుడే చెప్పను. పాలమూరు వైపు గొర్రెలు కాసే ఇంట్లో పుట్టాను, గొర్రెలు కాసే ఇంటికే కోడలిగా వెళ్ళాను. ఏడాదిలో సగం మంద వెంట నడకే. బడి ఉన్న ఊళ్ళు దారిలో చాలా తగిలాయి. ఏ ఊళ్ళోనూ పది రోజులు ఆగలేదు. నా కూతురు సుజాతను మాత్రం హాస్టల్లో పెట్టి చదివించాం. మా ఆయన పోయాక, సుజాతకు కొడుకు పుట్టాక, వాణ్ణి చూసుకోవడానికి అమెరికాలో ఈ ప్లెయిన్స్‌బరో అనే ఊరికి వచ్చాను. అపార్ట్‌మెంట్లన్నీ ఒక్కలాంటివే. మొదటి నెలలో రెండుసార్లు వేరేవాళ్ళ తలుపు కొట్టాను.

నాకు నోరు ఎక్కువ. అల్లుడు చేసిన పప్పులో ఉప్పు లేకపోతే లేదనే అంటాను. ఒక్క విషయంలోనే నాకు నోరు లేదు. "మా అమ్మ సెవెంత్ దాకా చదువుకుంది" అని సుజాత తన ఫ్రెండ్స్‌తో చెప్పుకుంది. ఎందుకు చెప్పిందో నాకు తెలుసు. ఇక్కడ పార్కు బెంచీ మీద కూర్చునే ఆడవాళ్ళందరూ ఊళ్ళో టీచర్లుగానో, బ్యాంకులోనో పనిచేసి వచ్చినవాళ్ళు. నేను కాదనలేదు. కాదనకపోవడం కూడా అబద్ధమేనని అప్పుడు తోచలేదు. తోచలేదా, తోచినా పక్కన పెట్టానా? ఇప్పుడు ఎవరిని అడగను?

ఆ బెంచీ మీదే వసుంధర మేడమ్ పరిచయమైంది. గుంటూరులో కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైంది. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. ఎదురు బిల్డింగులో కూతురు మాధవి దగ్గర ఉండేది. మిగతావాళ్ళు నన్ను అల్లుడి కంపెనీ ఏది, గ్రీన్‌కార్డ్ ఎంతవరకు వచ్చింది అని అడిగారు. ఆవిడ అడిగింది వేరు. "మంద రోజుకి ఎంత దూరం నడుస్తుందమ్మా?" అంది. చదువుకున్న మనిషి నా దగ్గర జవాబు ఉంటుందని నన్నొక మాట అడగడం అదే మొదటిసారి. గొర్రెలైతే ఇంత, చూడి గొర్రెలుంటే ఇంత, ఎండల్లో ఇంత అని అన్నీ చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింది.

ఎందుకు అడిగిందో తర్వాత తెలిసింది. ఆవిడ ఒక పుస్తకం రాస్తోంది. కుషాణుల గురించి. కనిష్కుడి పేరు బడికి పోయినవాళ్ళందరికీ తెలుసట. ఆ కనిష్కుడి తాతముత్తాతలు ఎక్కడినుంచి వచ్చారు, మంద వెంట తిరిగేవాళ్ళు చక్రవర్తులు ఎలా అయ్యారు, అది ఎవరూ తెలుగులో సరిగ్గా చెప్పలేదని ఆవిడ బాధ. ముప్పై ఏళ్ళుగా చదువుతోంది. సగం పుస్తకం రాసింది. అంతలో కంటిచూపు నడిమధ్యలో చెరిగిపోయింది. పక్కన ఉన్నవి మసకగా కనపడతాయి, ఎదురుగా ఉన్న అక్షరం కనపడదు. మాధవి ఫోన్‌లో రికార్డ్ చేయమంది. రెండు రోజులు ప్రయత్నించి మానేసింది. యంత్రం ఊఁ కొట్టదు కదా, ఎదురుగా వినే మనిషి లేకపోతే నాకు వాక్యం రాదు అనేది.

ఒకరోజు నా చెయ్యి పట్టుకుని అడిగింది. "చెల్లీ, ఏడో తరగతి చదివావు కదా. నేను చెప్తుంటే రాసిపెడతావా?"

అప్పుడు చెప్పాల్సింది. నాకు రాయడం రాదు మేడమ్ అని నాలుగు మాటలు. మంద వెంట తోడేలు వస్తే కర్ర పట్టుకుని ఎదురు నిలబడిన మనిషిని. ఆ నాలుగు మాటలు అనలేకపోయాను. అంటే ఆ చెయ్యి వదిలేస్తుందని భయమేసింది. బెంచీ మీద నన్ను మనిషిగా చూసిన ఒక్క మనిషి ఆవిడ.

సరే అన్నాను.

మర్నాటినుంచి, మనవణ్ణి సెలవుల్లో సమ్మర్ క్యాంప్ బస్సు, తర్వాత స్కూల్ బస్సు ఎక్కించి పది గంటలకు వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఆ ఇంట్లో అప్పుడు మేము ఇద్దరమే. ఆవిడ తను రాసిన నోటుబుక్కే ఇచ్చింది, ఎక్కడ ఆగిపోయిందో అక్కడినుంచి అందుకోమంది. ఆవిడ చెప్పేది, నేను పెన్ను కదిపేదాన్ని. ఊరికే కదపలేదు. మా అత్త నాకు నేర్పిన గుర్తులున్నాయి. మంద పెద్దదైనప్పుడు, దూరం పోయినప్పుడు మరిచిపోకుండా గుడిసె గోడమీద బొగ్గుతో గీసుకునేవాళ్ళం. నిలువు గీత అంటే ఒక మంద. ఏటవాలు గీతలు నడక. సున్నా అంటే నీళ్ళు. సున్నాలో చుక్క పెడితే నీళ్ళు ఎండిపోయాయని. అడ్డగీత చావు. వాటితోనే కుషాణులను రాశాను. నేనే కొత్తవి కొన్ని కల్పించుకున్నాను. ఆవిడ "ఏదీ, చదువు" అంటే ఆ గుర్తులు చూసుకుంటూ మాట పొల్లు పోకుండా చెప్పేదాన్ని. మావాళ్ళలో ఒగ్గు కథ చెప్పేవాళ్ళు తెల్లవార్లూ కాగితం లేకుండా చెబుతారు. నాకూ ఆ జ్ఞాపకం ఉంది. ఆవిడకు అనుమానం రాలేదు. "ఎంత చక్కగా రాస్తున్నావే!" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా సంతోషం, సిగ్గు రెండూ ఒకేసారి వచ్చేవి. సంతోషమే ఎక్కువ. అది కూడా ఒప్పుకోవాలి.

ఆవిడ చెప్పింది ఇది. రెండువేల ఏళ్ళకు పైబడి కిందట, చైనాకు పడమట గడ్డి మైదానాల్లో యూజీలని ఒక జాతి ఉండేది. గుర్రాలు, గొర్రెలు, గుడారాలు. షియోంగ్నూలని ఇంకో సంచార జాతి వాళ్ళ మీద పడింది. రాజును చంపి, ఆయన పుర్రెను తాగే గిన్నె చేసుకున్నారు. యూజీలు ఉన్నదంతా మూటకట్టుకుని పడమటికి నడిచారు. ఒకచోట ఆగితే అక్కడినుంచీ తరిమారు. మళ్ళీ నడిచారు. చివరికి ఆమూ దర్యా అనే నది ఒడ్డుకు చేరారు. రాజు చచ్చాక వాళ్ళను ఎవరు నడిపించారంటే కొందరు కొడుకంటారు, కొందరు పెళ్ళాం అంటారట. "పెళ్ళామే అయ్యుంటది" అన్నాను నేను. "ఎందుకు?" అంది. "కొడుకైతే పుర్రె కోసం ఎనకకు పోయేటోడు. ఆమె గడ్డి కోసం ముందలికి పోయింది." ఆవిడ చాలాసేపు నవ్వి, "ఇది కూడా రాయి, నీ మాటగానే రాయి" అంది. రాశాను. ఒక సున్నా, ముందుకు వాలిన గీతలు, పక్కన చిన్న గాజులాంటి గుర్తు.

చైనా చక్రవర్తి దూత వాళ్ళను వెతుక్కుంటూ వచ్చాడట. మీ రాజును చంపినవాళ్ళ మీద కలిసి యుద్ధం చేద్దామన్నాడట. ఏడాది వాళ్ళ మధ్యే తిరిగి వట్టి చేతులతో పోయాడట. వాళ్ళకు మంచి పచ్చిక దొరికింది, పగ అక్కర్లేదు. తర్వాత ఐదుగురు నాయకులు ఐదు చోట్ల పంచుకున్నారు. ఎందుకు విడిపోయారో ఏ పుస్తకంలోనూ లేదని ఆవిడ అంటే, ఒక పచ్చిక ఒక మందకే చాలుతుంది, మంద పెరిగితే విడదీయాల్సిందే అని నేను చెప్పాను. నూరేళ్ళు దాటాక ఆ ఐదుగురిలో కుషాణుల నాయకుడు, కుజుల కడ్ఫిసస్ అనేవాడు, మిగతా నలుగురినీ తన కిందికి తెచ్చుకుని రాజయ్యాడు. ఎనభై ఏళ్ళు దాటి బతికాడు. అక్కడినుంచి మూడు తరాలు గడిస్తే కనిష్కుడు.

తమ మొదలు గురించి వాళ్ళు తాము ఏమీ రాసిపెట్టలేదట. పక్కవాళ్ళు రాస్తేనే మనకు తెలిసిందట. ఆ మాట విన్నరోజు నా పెన్ను ఆగిపోయింది.

ఇంకో మాట కూడా ఉంది. కుజులుడు మొదట వేయించిన నాణేల మీద ఒకవైపు తన మొహం లేదట. అంతకుముందు ఏలి చచ్చిపోయిన గ్రీకు రాజు మొహం ఉందట. వెనకవైపు మాత్రం తన పేరు. "కొత్తగా వచ్చినవాడు చెల్లీ. తన మొహం జనానికి అలవాటు లేదు. పాతవాడి మొహం అడ్డం పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకు తీసేశాడు" అంది. తనకేమీ తెలియకుండానే నాకు తలుపు తీసి పట్టుకుంది. నేను ఆ రోజు కూడా లోపలికి పోలేదు. కొన్నాళ్ళకు తీసేస్తాను అనుకున్నాను.

నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలలే నేను ఈ దేశంలో ఒంటరిగా లేని రోజులు.

అదే సమయంలో మేడమ్ రెండుసార్లు స్టవ్ ఆపడం మరిచిపోయింది. మనవరాలు తన్వి పుట్టినరోజు కూడా మరిచిపోయింది. మాధవి భయపడి డాక్టర్ దగ్గరికి సోమవారానికి టైమ్ తీసుకుంది. తల్లి వస్తువులు సర్దుతూ నోటుబుక్కు తెరిచింది.

శనివారం నన్ను పిలిచింది. సుజాతా నేనూ మనవణ్ణి స్విమ్మింగ్ క్లాసులో దింపి కార్‌లో నేరుగా అక్కడికే వెళ్ళాం, సుజాత తొందరలో తలుపు దగ్గరే నిలబడింది.

"ఆంటీ, ఒక్క నిమిషం కూర్చోండి," అంది మాధవి. చేతిలో ఆ పుస్తకం. "ముందు సగం అమ్మ హ్యాండ్‌రైటింగ్, ఎంత నీట్‌గా ఉందో. ఇక్కడ్నుంచి చూడండి. ఫార్టీ పేజెస్. అన్నీ గీతలే."

"అది నా రాత కాదే," అంది మేడమ్ సోఫాలోంచి. "చెల్లి రాసింది. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"అమ్మా, ఇందులో అక్షరాలు లేవమ్మా. ఒక్కటి కూడా లేదు."

"లేకపోవడం ఏంటి? రోజూ నాకు చదివి వినిపిస్తేనూ! నీ కళ్ళు కూడా పోయాయా ఏం? చెల్లీ, ఆ ఐదుగురు నాయకుల పేజీ తీసి చదువు. దీని నోరు మూతపడుతుంది."

"అత్తయ్యగారూ, టెన్షన్ పడకండి," అన్నాడు మాధవి భర్త రవి. "మండే డాక్టర్‌కి జస్ట్ చూపిద్దామని అంతే."

తన్వి నేలమీద కూర్చుని ఉంది. అప్పటికి దానికి పన్నెండేళ్ళు. తల్లి చేతిలోని పుస్తకం వంచి చూసింది. "మమ్మీ, ఇది రిపీట్ అవుతుంది. సేమ్ సర్కిల్, సేమ్ ఫైవ్ లైన్స్. ఇక్కడ కూడా చూడు."

"తన్వీ, నాట్ నౌ." మాధవి నా వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. "ఆంటీ, ప్లీజ్. ఇది మీరు రాశారా?"

సుజాత కార్ తాళాలు చప్పుడు కాకుండా గుప్పిట్లో బిగించింది. నేను మైక్రోవేవ్ వైపు చూశాను. పదకొండు గంటల పది నిమిషాలు.

"నాకు ఎర్క లేదు బిడ్డా. మేడమ్ చెప్తుంటే ఇనుకుంట కూసున్న. గంతే."

మేడమ్ నా గొంతు వచ్చిన దిక్కుకు మొహం తిప్పింది. నా మొహం ఆవిడకు కనపడదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా తల దించుకున్నాను.

"అదేంటి చెల్లీ? మరి నాకు చదివింది ఎవరు?"

నేను కార్పెట్ మీది చారలు లెక్కపెట్టాను.

"నేనే అనుకున్నానా?" అంది, చాలా చిన్న గొంతుతో, ఎవరినీ అడగనట్టు. కాసేపటికి, "సరేలే. మాధవీ, ఆ బుక్కు లోపల పెట్టేయ్" అంది.

ఆవిడ నా మీద కేకలేసి ఉంటే నేను బతికిపోయేదాన్ని. నన్ను అబద్ధాలకోరు అనుకోలేదు. తన మనసునే అనుమానించింది. ముప్పై ఏళ్ళు రాజుల వంశాలు, దారులు తలలో పెట్టుకున్న మనిషి, నా ఒక్క మాటకు తన తలను నమ్మడం మానేసింది.

సోమవారం డాక్టర్‌కు ఆ పేజీలు చూపించారు. చూపు తగ్గితే అక్షరాలు వంకరపోతాయి గానీ ఇలా గీతలైపోవని, రాయడం పోవడం పెద్ద గుర్తేనని అన్నారని మాధవి సుజాతకు ఫోన్‌లో చెప్పింది. ఆవిడకు నిజంగానే మతిమరుపు మొదలై ఉండొచ్చు కదా, స్టవ్ నేను ఆపకుండా వదల్లేదు కదా అని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అయ్యుండొచ్చు. కానీ ఆ నలభై పేజీలు మాత్రం నావి. వాటి లెక్క నాది. దాన్ని ఇంకెవరి రోగం మీదా వేయలేను.

తర్వాత ఒకసారి గారెలు చేసి పట్టుకెళ్ళాను. "బాగున్నారా?" అని అడిగింది. నన్ను మీరు అంది. కుషాణుల మాట ఎత్తలేదు. మరుసటి ఎండాకాలానికి రవికి జార్జియాలో ఉద్యోగం వచ్చి వాళ్ళు కమ్మింగ్ అనే ఊరికి వెళ్ళిపోయారు. అక్కడ మతి తప్పిన ముసలివాళ్ళను ఉంచే హోమ్‌లో ఆవిడను పెట్టారు. తలుపుకు నంబర్ల తాళం ఉంటుందట, లోపలివాళ్ళకు ఆ నంబర్లు చెప్పరట. ఆ ముక్క విన్నాక రెండు రోజులు అన్నం సయించలేదు. దూరాలు నడిచినవాళ్ళ కథ చెప్పిన మనిషి. ఏడాదిన్నరకు పోయింది. నేను ఫోన్ కూడా చేయలేదు.

ఆ శనివారం మనవణ్ణి తీసుకురావడానికి మళ్ళీ వెళ్ళేటప్పుడు కార్‌లో సుజాత ఏమీ అనలేదు. నేనూ అనలేదు. నాకు రాయడం రాదని ఆ గదిలో తెలిసిన ఇంకో మనిషి అదే. దాన్ని తప్పు పట్టను. అడిగింది నన్ను. జవాబు చెప్పాల్సింది నేను.

అక్షరాలు ఆవిడ చనిపోయిన ఏడాది నేర్చుకున్నాను. అప్పటికి నాకు అరవై ఏడు. ఆదివారాలు ఇక్కడి పిల్లలకు తెలుగు నేర్పే క్లాసు ఉంది. మనవణ్ణి దింపడానికి వెళ్ళి నేనూ చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాను. పక్కన ఆరేళ్ళ పిల్ల "యువర్ ళ ఈజ్ రాంగ్" అని నా పలక దిద్దేది. నవ్వుకోండి. నేనూ నవ్వాను. సుజాత ఫ్రెండ్స్ అందరికీ తెలిసిపోయింది. తెలిస్తే ఏమైంది? ఏమీ కాలేదు. ఆకాశం ఊడిపడలేదు. ఇంత చిన్నదానికా నేను అంత పెద్దది ఇచ్చేశాను?

పోయిన నెల తన్వి పోస్టులో ఆ నోటుబుక్కు పంపింది. ఇప్పుడది కాలేజీ పిల్ల. ఇల్లు సర్దుతుంటే దొరికిందట, అమ్మమ్మతో ఎక్కువ కూర్చున్నది మీరే కాబట్టి మీ దగ్గర ఉండాలనిపించింది అని ఇంగ్లీషులో చీటీ రాసింది. మనవడు చదివి చెప్పాడు. చీటీ కింద ఒక మూలన పెన్సిల్‌తో నా గుర్తు ఒకటి అచ్చంగా దించి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది. నాలుగు గీతలు, వాటి చుట్టూ తిరిగి కమ్ముకున్న ఐదోది. కుజులుడు.

ఇరవై రోజులు కూర్చుని ఆ నలభై పేజీలను అక్షరాల్లోకి మార్చాను. ఒక్క గుర్తు మరిచిపోలేదు. ఆవిడ వాక్యాలు ఆవిడవిగానే, నేను మధ్యలో అన్న మాటలు నావిగానే రాశాను. తప్పులున్నాయి, ళ ఇంకా సరిగ్గా రాదు. పై కాగితం మీద మాధవికి రాశాను: ఆ గీతలు మీ అమ్మవి కావు, నావి, ఇదిగో వాటి అర్థం, ఆవిడ చెప్పింది ప్రతి మాటా సరైనదే. అందులో క్షమించమని రాయలేదు. రాసి కొట్టేశాను. ఎనిమిదేళ్ళు ఆలస్యంగా వచ్చినదాన్ని, చేతిలో అడుక్కునే గిన్నె పట్టుకుని రాకూడదనిపించింది.

నిన్న సుజాతే పోస్టాఫీసుకు డ్రైవ్ చేసింది. కవర్‌లో ఏముందో దానికి చెప్పాను. పోస్టాఫీసు ముందు కార్ ఆపి ఇంజన్ కట్టేసింది. తర్వాత, "నేను కూడా ఉన్నానమ్మా అక్కడ" అంది. అవును, ఉంది.

మాధవి చదువుతుందో లేదో తెలియదు. చదివితే, తల్లిని ఏ కాగితాలు చూసి ఆ తాళం వెనక పెట్టిందో తెలిసి, ఆమె మోయాల్సింది ఇంకా పెరుగుతుంది. అది కూడా నేను చేసిందే. మేడమ్‌కు మాత్రం ఇక తెలిసే దారి లేదు. నా భుజం తేలికైందా అంటే, గొంగడి ఇంకా తడిగానే ఉంది. దింపి నేలమీద పరిచాను, అంతే.

ఆ శనివారం ఆ గదిలో ఉన్నవాళ్ళు: సోఫాలో వసుంధర మేడమ్. పుస్తకం పట్టుకుని మాధవి. కిటికీ దగ్గర రవి. నేలమీద తన్వి. తలుపు దగ్గర నా కూతురు సుజాత. మైక్రోవేవ్ వైపు చూస్తూ నేను, కురుమ మల్లమ్మ.